ఆంగన్‌లో వయ్యారిభామ

2024 సెప్టెంబర్ 4న మా జైనూర్‌లో దుకాణాలు, ఇండ్లు కాలిపోయాయి. మసీదు మీద కూడా దాడి జరిగింది. అంతకు నాలుగు రోజుల ముందు, ఆగస్టు 31న, ఒక ఆదివాసీ స్త్రీ మీద ఘోరం జరిగింది. నిందితుడు ముస్లిం ఆటో డ్రైవర్. ఆ తల్లికి న్యాయం జరగాలి. అందులో రెండో మాట లేదు. కాని ఒక్కడి నేరానికి ఊళ్లోని ముస్లింలందరూ జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. మేం ఇంటికి తాళమేసి వెళ్లిపోయాం.

తిరిగొచ్చేసరికి ఇల్లు నిలిచే ఉంది. ఆంగన్ మాత్రం గుర్తుపట్టలేకుండా ఉంది. అమ్మీ కొత్తిమీర చల్లిన మడినిండా క్యారట్ ఆకులాంటి ఆకులు. కొన్ని నేలను కరుచుకుని, కొన్ని నడుమెత్తు లేచి చిన్న తెల్లపూలతో. చూసి మాచిపత్రి అనుకునేవాళ్లున్నారు. అది వయ్యారిభామ. గోడ పక్కన పులికంప. నలుపలకల కొమ్మ, వంకర ముళ్లు, నలిపితే ఘాటు వాసన, ఒకే గుత్తిలో గులాబీ, పసుపు పూలు.

పీకడానికి సాయంగా వెనక వీధి గోండు పిల్లగాడొచ్చాడు.

"ఇవి మన మొక్కలు కావు భాయ్. బయటికెల్లి వచ్చినయి. అందుకే పీకెయ్యాలె" అన్నాడు.

వాడి మనసులో ఏమీ లేదు. బడిలో విన్నది చెప్పాడు. నా చెయ్యి ఆగిపోయింది. బయటినుంచి వచ్చినవి, పీకెయ్యాలె. ఈ రెండు మాటలూ జంటగా నడవడం నేను వేరేచోట విన్నాను.

"ఔర్ మిర్చీ?" అంది గడప మీద కూర్చున్న అమ్మీ.

మిరప అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల్లో వచ్చింది. జామ, సీతాఫలం పుట్టిల్లూ అక్కడే. బతుకమ్మలో పేర్చే బంతిది మెక్సికో. వయ్యారిభామదీ ఆ వైపే. 1950లలో పుణె దగ్గర మొదట కనబడింది. దిగుమతి గోధుమలతో వచ్చిందంటారు.

"అయితే తప్పు దాని ఊరిది కాదు" అంది అమ్మీ.

కాదు. తప్పు అది చేసే పనిది. అది నేలలోకి వదిలే రసాయనాలు పక్క మొక్కను ఎదగనివ్వవు. తాకితే దద్దుర్లు, పుప్పొడితో ఆయాసం. ఒక్క మొక్కే వేల గింజలు రాలుస్తుంది.

చేతులకు సంచులు తొడుక్కుని, ముక్కుకు రుమాలు కట్టుకుని పనిలోకి దిగాం. దాన్ని పూయకముందే, నేల తడిగా ఉన్నప్పుడే, వేరుతో సహా పీకాలి. పూసినవాటిని గింజ రాలకుండా సంచిలో మూటగట్టాం. పులికంపను పైపైన కొడితే మళ్లీ చిగురిస్తుంది. అందుకని మట్టి తవ్వి తల్లివేరును నరికి, పొదను తలకిందులు చేసి ఎండబెట్టాం. నేల ఖాళీగా ఉంటే కలుపు తిరిగొస్తుంది. అక్కడ బంతి వేశాం. దట్టంగా పెరిగిన బంతి వయ్యారిభామను అణచిపెడుతుందని కలుపు శాస్త్రవేత్తలు చెప్తారు. ఆ దేశపు కలుపుకు ఆ దేశపు పువ్వే విరుగుడు!

ఒక మాట ఒప్పుకోవాలి. ఆదివాసీల నోట "బయటివాళ్లు" అనే మాట ఊరికే పుట్టలేదు. వాళ్ల భూములు పోయాయి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం ప్రాణమిచ్చాడు. 1970లో 1/70 చట్టం తేవాల్సొచ్చింది. ఆ గాయాన్ని దాటేసి నా గాయం ఒక్కటే చూపిస్తే అది అన్యాయం. భూమి మింగినవాణ్ని నిలదీయాలి, వాడు ఏ మతమైనా. కాని ఎవడేం చేశాడో చూడకుండా పేరు చూసి పీకితే మడిలో మిరప కూడా మిగలదు.

మా మండలంలోని మార్లవాయిలోనే హైమన్‌డార్ఫ్ దంపతుల సమాధులున్నాయి. ఆయన ఆస్ట్రియాలో పుట్టాడు. 1940లలో గోండుల మధ్య ఉండి, వాళ్ల భూముల కోసం, చదువుల కోసం పనిచేశాడు. 1995లో పోయిన ఆయన అస్థికలను 2012లో ఆ మట్టి తనలో దాచుకుంది. ఆయన ఎక్కడివాడో గోండులకు తెలుసు. ఏం చేశాడో కూడా తెలుసు.

వయ్యారిభామ గింజలు నేలలో ఏళ్లతరబడి బతుకుతాయి. వాన పడిన ప్రతిసారీ కొత్తవి లేస్తున్నాయి. ఆ పిల్లగాడూ వస్తున్నాడు. పీకేముందు ఆకు చూపిస్తాడు.

"భాయ్, ఇదేం చేస్తది?"

ఎక్కడిదని అడగడం మానేశాడు.