నాయిన పేస్లిప్పు

ట్రంకు పెట్టె అడుగున, బొగ్గుబాయిలో పనిచేసిన నాయిన పేస్లిప్పు దొరికింది. మడతల దగ్గర చిరిగిపోవడానికి సిద్ధంగా ఉంది. మస్టర్లు, బేసిక్, అండర్‌గ్రౌండ్ అలవెన్సు... మస్టరంటే పనికి పోయిన రోజు. ఆ నెల ఆయనవి 18 మస్టర్లే. మిగతా రోజులేమైనట్టు? జ్వరమా, సమ్మెనా, చిన్నత్త పెండ్లా? కాగితం చెప్పదు, అడిగించి ఊరుకుంటుంది.

ఇట్లాంటి ప్రశ్నలకు మా బడిలో చోటే లేదు. అక్కడ చరిత్రంటే రాజుల పేర్లు, యుద్ధాల ఏండ్లు. తల తిప్పితే కిటికీలో రామగిరి ఖిల్లా. ఆ కోట గోడ రాయి మీద చెయ్యి పెట్టి, దీన్ని ఎవరు మోసుకొచ్చారో ఆలోచించమని ఏ సారూ అనలేదు. ఇల్లందులో బొగ్గు తవ్వకం 1889లో మొదలైందనీ, సింగరేణి కంపెనీ 1920లో ఏర్పడిందనీ ఎప్పుడో పెద్దయ్యాక చదువుకున్నాను. పక్కనున్న సెంటినరీ కాలనీ పేరులోనే నూరేండ్ల లెక్క ఉందని అంతకన్నా ఆలస్యంగా తట్టింది.

ఎనిమిదో తరగతి చదివే నా బిడ్డకు ఆ కాగితం ఇచ్చాను. చాలాసేపు చూసింది. అంకెల మీద వేలు జరుపుకుంటూ పోయి, "తాత బాయిలకు దిగినందుకు వేరే పైసలు ఇచ్చేటోళ్లా? అంటే అక్కడ భయమనే గదా?" అంది. పాఠ్యపుస్తకం చదివి నేనెన్నడూ అంత మంచి ప్రశ్న వేయలేదు. ఆ ప్రశ్న దగ్గరే చరిత్ర మొదలవుతుందని నా నమ్మకం.

మీ ఇంట్లో గని లాంప్‌రూం బిళ్ళో, పాత పేస్లిప్పో, హెల్మెట్టుతో దిగిన ఫొటోనో ఉంటే పారేయకండి. ఒకరోజు మీ ఊరి బడికి తీసుకుపోయి పిల్లల చేతుల్లో పెట్టండి.