నట్టు చెప్పని మాట

అణు విద్యుత్ కేంద్రమనగానే అందరి దృష్టి రియాక్టరు మీదికీ, టర్బైను మీదికీ పోతుంది. అది సహజమే. అయితే ఆ రియాక్టరు చుట్టూ, గోడల వెంబడి, పైకప్పుల కింద, మైళ్ల పొడవున పైపులు సాగి ఉంటాయి. రియాక్టరును చల్లబరచే నీరు ప్రవహించేది వాటిలోనే. ఆ పైపులను మోసేవి సపోర్టులు. సపోర్టులను గోడకు చేర్చేవి ఉక్కు పలకలు, అనగా బేస్ ప్లేట్లు. ఆ పలకలను కాంక్రీటుకు బంధించేవి బొటనవ్రేలంత లావు యాంకర్ బోల్టులు. మా ఉద్యోగ జీవితంలో అధిక భాగం ఈ బోల్టుల పరిశీలనలోనే గడిచింది. "గోడకున్న బోల్టులు చూడటానికి ఇంజినీర్లెందుకండీ?" అని మిత్రులు మమ్మల్ని పలుమార్లు పరిహసించారు. ఈ నాలుగు మాటలూ వారిని ఉద్దేశించి వ్రాస్తున్నవే.

కాంక్రీటు పోసేటప్పుడే అమర్చిన బోల్టు సంగతి వేరు. గోడ గట్టిపడిన తరువాత రంధ్రం తొలిచి దిగవేసిన బోల్టు సంగతి వేరు. ఈ రెండవ రకం బోల్టు కొస లోపల విచ్చుకొని రంధ్రపు అంచులను ఒత్తుతుంది. ఆ ఒత్తిడి వలన పుట్టే రాపిడే దాని బలం. వెడ్జ్ రకంలో నట్టు బిగించేకొద్దీ శంఖువు వంటి కొస వెలుపలికి లాగబడి, తన చుట్టూ ఉన్న ఉక్కు పట్టీని విప్పుతుంది. షెల్ రకంలో ఒక ఉక్కు గొట్టాన్ని ముందుగా రంధ్రంలో విచ్చుకొనేటట్లు దిగగొట్టి, ఆపైన మరలున్న బోల్టును దానిలోకి బిగిస్తారు. రంధ్రంలో ధూళి మిగిలినా, రంధ్రం వెడల్పైనా పట్టు సన్నగిల్లుతుంది. లోతు చాలకపోతే, బోల్టు తెగకుండానే తన చుట్టూ ఉన్న కాంక్రీటును శంఖాకారంలో పెకలించుకొని ఊడి వస్తుంది. లోతు సగమైతే ఆ కాంక్రీటు ఇచ్చే బలం సగంతో ఆగదు. మూడవ వంతుకు చేరువగా పడిపోతుంది. ఇన్ని లోపాలున్నా బయటికి కనిపించేది ఒక నట్టు, ఒక వాషరు, వాటిపై చక్కని రంగుపూత. 'పైన పటారం, లోన లొటారం' అన్న సామెత ఇటువంటి బోల్టును చూసి పుట్టిందేమో అనిపిస్తుంది.

ఈ సంగతిని ప్రపంచం గుర్తించిన తీరు కూడా తెలుసుకోదగినది. 1978 మార్చి, ఏప్రిల్ నెలలలో అమెరికాలోని మిల్‌స్టోన్ కేంద్రపు మొదటి యూనిట్‌ను ఇంధనం నింపేందుకు ఆపినప్పుడు, భద్రతా వ్యవస్థల పైపు సపోర్టులు కొన్ని దెబ్బతిని కనిపించాయి. చెక్కుచెదరని సపోర్టులను పరీక్షించగా వాటిలోనూ అనేక బోల్టులు సరిగా బిగించబడలేదని తేలింది. 1979 మార్చి 8న ఆ దేశపు అణు నియంత్రణ సంస్థ 79-02 సంఖ్యతో ఒక బులెటిన్ వెలువరించింది. వెడ్జ్ రకానికి నాలుగు రెట్లు, షెల్ రకానికి ఐదు రెట్లు భద్రతా గుణకం ఉండాలన్నది. పలక వంగదనుకొని లెక్కలు కట్టడం తగదన్నది. నిజమే, పలక వంగినప్పుడు దాని అంచు గోడను తన్ని, గునపంతో మేకు పెకలించినట్లు బోల్టును మరింత బలంగా లాగుతుంది. ఆ బులెటిన్ వెలువడిన 20 రోజులకు, మార్చి 28న, త్రీ మైల్ ఐలండ్ ప్రమాదం సంభవించింది. దానికీ బోల్టులకూ సంబంధం లేదు. కాని లోకం చూపంతా అటు మళ్లినా, ఈ బోల్టుల తనిఖీ మాత్రం ఆగలేదు.

ఇక మా అనుభవానికి వస్తాము. 2013లో ఒక పాత కేంద్రపు షట్‌డౌన్ సమయంలో పైపు సపోర్టుల తనిఖీ మా బృందానికి అప్పగించబడింది. పలకకొక బోల్టును టార్క్ రెంచితో పరీక్షించడం, అది విఫలమైతే ఆ పలకకున్న మిగిలిన బోల్టులన్నిటినీ చూడడం మేము అనుసరించిన పద్ధతి. అత్యవసర శీతలీకరణ పైపును మోసే ఒక పలకకు నాలుగు బోల్టులున్నాయి. మొదటిది రెంచి తగలగానే వదులుగా తిరిగింది. మిగిలిన మూడూ నిర్ణీత టార్క్‌కు నిలిచాయి.

షట్‌డౌన్ బాధ్యతలు చూస్తున్న అధికారి అనుభవజ్ఞులు, మర్యాదస్తులు. "మూడు నిలిచాయి గదండీ! లెక్క ప్రకారం ఈ సపోర్టుకు మూడు చాలు. ఆ ఒక్కటీ మార్చి సంతకం చేయండి" అన్నారు. ఆయన మాటలో తొందరతోపాటు న్యాయమూ ఉన్నది. యూనిట్ ఆగిన ప్రతి దినమూ సంస్థకు నష్టమే. అంతకు మించి, ఆ గదిలో రేడియేషన్ ఉన్నది. అక్కడ గడిపే ప్రతి నిమిషమూ పనివారి డోసు లెక్కలో చేరుతుంది. "తనిఖీ పెంచితే డోసు పెరిగేది మీ మనుషులకే" అని కూడా ఆయన అన్నారు. దానికి మా వద్ద వెంటనే సమాధానం లేకపోయింది.

సమాధానం మా ఫిట్టరు మేస్త్రీ గారి నుండి వచ్చింది. నిలిచిన మూడింటిలో ఒకదానిని ఆయన పూర్తిగా విప్పి, లోపలికి టార్చి వేసి చూశారు. "సార్, ఈ షెల్లు గోడలోపలికి దిగలేదు. పలక వెనుక భాగాన్ని ముట్టుకొని ఉంది. మనం బిగిస్తుంటే ఇది పలకనే పట్టుకుంటోంది, గోడను కాదు" అన్నారు. సరిగ్గా ఈ మోసాన్ని గురించే 79-02 బులెటిన్ హెచ్చరించింది. షెల్లు పలకకు తగిలి ఉంటే రెంచి చూపే బిగువు అబద్ధం. పలకను తప్పించి హైడ్రాలిక్ జాకీతో సూటిగా లాగి చూడగా, ఆ షెల్లు నిర్ణీత భారంలో సగానికి ముందే జారసాగింది.

కారణం రంధ్రం అడుగున దొరికింది. తొలిచేటప్పుడు డ్రిల్లుకు కాంక్రీటులోని ఉక్కు చువ్వ అడ్డుపడింది. రంధ్రం అక్కడికే ఆగింది. దశాబ్దాల కిందట ఆ మూలన పరంజా మీద వంగి పనిచేసిన మనిషిని మేము నిందించలేదు. ఆయనకు చువ్వ తగిలిందని చెప్పుకొనే గడి ఆనాటి రికార్డు ఫారంలో లేదు. 'బిగించబడినది' అన్న గడి మాత్రమే ఉన్నది.

అప్పుడు ఆ అధికారితో మేము ఇలా విన్నవించాము: "అయ్యా, ఈ పలక సంగతి తేలిపోయింది. ఇదే గోడకు, ఇవే చువ్వల మధ్య బిగించిన మిగిలిన పలకల సంగతి తేలవద్దా?" ఆయన కొంతసేపు డ్రాయింగు వంక చూసి, "గది మొత్తం చూడండి. డోసు సంగతి మాత్రం ముందు తేల్చండి" అన్నారు. గది వెలుపల, రేడియేషన్ లేనిచోట, కొలతల ప్రకారం ఒక నమూనా కాంక్రీటు దిమ్మె పోయించాము. పనివారు దానిపై చేయి తిరిగేవరకు సాధన చేశారు. లోపల గడపవలసిన సమయం గణనీయంగా తగ్గింది. తగ్గిన దానిని ఎక్కువమంది మధ్య పంచాము. యూనిట్ పునఃప్రారంభం కొన్ని దినాలు వాయిదాపడింది. ఆ వరుసలో అదే లోపమున్న పలకలు మరికొన్ని దొరికాయి.

బలపరచే పని కూడా ఆలోచించి చేయవలసినదే. ఎపాక్సీ జిగురుతో బోల్టులు అతికించవచ్చునని ఒక సూచన వచ్చింది. 2006 జూలై 10న బోస్టన్ నగరపు సొరంగమార్గంలో పైకప్పు పలకలు కూలి ఒక మహిళ మరణించింది. నిరంతర భారం కింద ఎపాక్సీ క్రమంగా సాగి బోల్టులు జారాయని దర్యాప్తు తేల్చింది. అది గుర్తు చేసుకొని, నిత్యమూ బరువు మోసే చోట మేము ఆ మార్గం ఎంచుకోలేదు. చువ్వలను కనిపెట్టే మీటరుతో గోడను గుర్తులు పెట్టి, వాటిని తప్పించి కొత్త రంధ్రాలు తొలిపించాము. పాత రంధ్రాలను కుంచించుకుపోని గ్రౌటుతో పూడ్పించాము. మరింత వెడల్పు, మందం గల పలకలు వేసి, రంధ్రం అడుగున గాడి తొలిచి అక్కడే విచ్చుకొనే అండర్‌కట్ బోల్టులు వాడాము. గోడకు ఆవలివైపు చేరగలిగిన చోట బోల్టును ఆసాంతం దూర్చి రెండువైపులా పలకలతో బిగించాము. ప్రతి రంధ్రపు లోతునూ, తగిలిన చువ్వనూ నమోదు చేయడానికి రికార్డు ఫారంలో కొత్త గడులు చేర్చాము.

2001 జనవరి 26న భుజ్ భూకంపం గుజరాత్‌ను కుదిపినప్పుడు, అదే రాష్ట్రంలోని కాక్రపార్ కేంద్రం విద్యుదుత్పత్తి ఆపలేదు. ఆనాడు ఆ కేంద్రంలో ఏ బోల్టు గురించీ ఎవరూ మాట్లాడుకొని ఉండరు. మేము బలపరచిన సపోర్టులకు అటువంటి పరీక్ష నేటివరకు రాలేదు. రాకూడదనే మా కోరిక. కనుక మా పని ఫలించిందని నిరూపించే సాక్ష్యం మా వద్ద ఏమీ లేదు.

మన సంస్థలో కొత్తగా చేరుతున్న యువ సహోద్యోగులకు ఒక్క విన్నపం. 'బిగించబడినది' అని వ్రాసి ఉన్న కాగితం మీ ముందుకు వచ్చినప్పుడు, సంతకానికి ముందు ఒక్క బోల్టునైనా విప్పించి లోపలికి చూడండి. పక్కన అనుభవమున్న మేస్త్రీ ఉంటే టార్చి ముందుగా వారి చేతికివ్వండి.