పడినవాడి భంగిమ

ఆన్‌సైట్‌లో ఉన్నప్పుడు ఒక పాత నాణేల కొట్లో, ట్రేలో గుట్టగా పోసినవాటిలోంచి దీన్ని ఏరుకున్నాను. రెండు కాఫీల ఖరీదు. 1,600 ఏళ్ళు దాటిన వస్తువు అంత చవకా అని కాస్త చిన్నతనంగా అనిపించింది. నాకు కాదు, దాని తరఫున.

రోమన్ చక్రవర్తి రెండవ కాన్‌స్టాన్షియస్ కాలపు కంచు నాణెం. ఒకవైపు ఆయన తల. రెండోవైపు ఒక సైనికుడు, గుర్రం మీంచి పడిపోతున్న శత్రువుని బల్లెంతో పొడుస్తున్నాడు. పడేవాడు వెనక్కి తిరిగి చెయ్యెత్తుతున్నాడు. చుట్టూ లాటిన్‌లో ‘ఫెల్ టెంప్ రెపరాషియో’ అని ఉంటుంది. మంచి రోజులు మళ్ళీ వచ్చాయని దాదాపు అర్థం. (పొడిచేవాడికి వచ్చాయనే అనుకోవాలి.)

348 ప్రాంతంలో కాన్‌స్టాన్షియస్, అతని తమ్ముడు కాన్‌స్టాన్స్ ఈ కొత్త నాణేలు తెచ్చారు. ఇదే మాటతో వేరే బొమ్మలూ ఉన్నాయి: గోళం మీద నిలబడ్డ ఫీనిక్స్ పక్షి, గుడిసెలోంచి ఒక చిన్న మనిషిని చెయ్యి పట్టుకుని బయటికి తెస్తున్న సైనికుడు. మంచి రోజులంటే మంచి రోజులేం కాదు. తూర్పున పర్షియా రాజు రెండవ షాపూర్‌తో యుద్ధం తెగలేదు. 350లో తిరుగుబాటుదారులు కాన్‌స్టాన్స్‌ని చంపేశారు. మొదట 5 గ్రాములున్న నాణెం కొన్నేళ్ళలోనే సగానికి చిక్కిపోయింది. మాట మాత్రం అదే.

నిరుడు మా కంపెనీలో లేఆఫ్స్ జరిగాయి. ఆ వారం టౌన్‌హాల్‌కి స్లైడ్లు తయారుచేసింది నేనే. ‘కొత్త ఉత్సాహంతో ముందుకు’ అనే శీర్షిక కూడా నాదే, మేనేజర్‌కి బాగా నచ్చింది. పోయినవాళ్ళ లిస్టులో నన్ను ఈ ఉద్యోగానికి రెఫర్ చేసిన స్నేహితుడున్నాడు. లిస్టు సంగతి నాకు ముందు తెలీదు. తెలిస్తే స్లైడ్లు చెయ్యనని చెప్పేవాడినా అంటే, ఈఎమ్‌ఐలున్నాయి.

నెల తర్వాత వాడు ఇంటికొచ్చాడు. ఏం మాట్లాడాలో తోచక నాణెం, భూతద్దం చేతికిచ్చాను. ఈ రకం నాణేలని కలెక్టర్లు పడినవాణ్ణి బట్టే విడదీస్తారని చెప్పాను: చెయ్యి చాచాడా, గుర్రం మెడ పట్టుకున్నాడా, మోకాళ్ళ మీద ఉన్నాడా, నేల మీద కూర్చుండిపోయాడా.

వాడు చాలాసేపు చూశాడు.

“ఇంత చిన్న రేకు మీద వీడి వేళ్ళు కూడా చెక్కాడ్రా,” అన్నాడు. “ఎవడో గానీ, పనిమంతుడు.”

కాఫీ పెట్టడానికని వంటింట్లోకి వెళ్ళిపోయాను.