నయాగరా నుంచి నాన్నగారికి

నయాగరా ఫాల్స్, న్యూయార్క్
జులై, మధ్యాహ్నం

నాన్నగారూ,

మేమంతా క్షేమం. పొద్దున్నే పడవెక్కి, నిలువునా తడిసి, ఇప్పుడే గదికొచ్చాం. జుట్టు ఆరకముందే మీకు రాయాలనిపించింది.

లిఫ్టులో కిందికి దిగితే రేవు. అందరికీ తలా ఒక పల్చటి నీలం రెయిన్‌కోటు ఇస్తారు. అవతలి ఒడ్డు కెనడా, అక్కడి పడవల్లో ఎర్రవి. 'మెయిడ్ ఆఫ్ ది మిస్ట్' పేరుతో ఇక్కడ 1846లోనే పడవలు మొదలయ్యాయి. 2020 నుంచి బ్యాటరీలతో నడుస్తున్నాయి. జనం దిగి, మళ్ళీ ఎక్కేలోగా రేవులోనే కేబుల్ తగిలించి ఏడు నిమిషాల్లో ఛార్జి చేసేస్తారు. మీరుంటే అక్కడే నిలబడిపోయేవారు.

ఇంజిను చప్పుడు లేదు కాబట్టి హోరు ఒక్కటే వినిపిస్తుంది. అమెరికన్ ఫాల్స్ కింద బండరాళ్ళ గుట్టల్ని దాటుకుని, గుర్రపు నాడాలా వంగిన హార్స్‌షూ ఫాల్స్ లోపలికి వెళ్ళాం. మూడు వైపులా నీళ్ళే, 57 మీటర్ల ఎత్తు నుంచి. పడవ ముందుకీ పోదు, వెనక్కీ రాదు, ప్రవాహానికి ఎదురుగా నిలబడి వణుకుతుంది. కళ్ళు తెరవనివ్వని తుంపర. ఒక్కసారి గాలి పక్కకి తిరిగితే పైఅంచు కనబడింది. అక్కడ నీరు తెల్లగా లేదు నాన్నగారూ, చిక్కటి ఆకుపచ్చ. వంగి, విరిగాకే తెల్లబడుతోంది. 1960లో ఎగువన పడవ బోల్తాపడి ఏడేళ్ళ పిల్లవాడొకడు ఒంటిమీద లైఫ్ జాకెట్ మాత్రమే ఆధారంగా ఆ అంచు మీంచే పడి బతికాడు. ఈ పడవల వాళ్ళే ట్యూబు విసిరి పైకి లాగారు.

రాత్రి

ఇంత నీరు ఊరికే పోతోందా అని ఫోన్‌లో అడిగారు కదా. పోవడం లేదు. సీలేరు పవర్‌హౌస్‌లో పనిచేసిన మీకు ఈ లెక్క నచ్చుతుంది. 1950లో అమెరికా, కెనడా ఒప్పందం రాసుకున్నాయి. వేసవిలో పగలు కనీసం లక్ష క్యూసెక్కులు జలపాతం మీంచి పోవాలి. రాత్రిళ్ళూ, చలికాలం పూర్తిగానూ 50 వేలు చాలు. మిగతాది పైనే మళ్ళించి రెండు దేశాల పవర్‌హౌస్‌లకీ పంచుతారు.

అంటే మేం చూసింది గేట్ల దగ్గర కొలిచి వదిలిన నీరేనా అని మీ అల్లుడుగారు కాస్త చిన్నబుచ్చుకున్నారు. నాకు మాత్రం గౌరవం పెరిగింది. కరెంటు ఎంత అవసరమైనా, ఇంత నీరు మనుషులు చూడ్డానికే ఉండాలని రెండు ప్రభుత్వాలు సంతకాలు పెట్టాయి. కళ్ళకి కూడా వాటా ఉందని ఒప్పుకున్న నీటి పంపకం నేను ఇంకెక్కడా వినలేదు.

రేపు లూయిస్టన్ వెళ్తున్నాం. అక్కడ 1961లో మొదలైన పవర్‌హౌస్, 13 టర్బైన్లు. నాగార్జునసాగర్‌లోలాగే రాత్రిపూట నీటిని పైకి తోడిపెట్టుకుంటారు. అక్కడ మీరు తెలుసుకోవాలనుకున్నవి పొద్దున్నకల్లా పంపించండి, అడిగి రాస్తాను. పడవ ఫోటోలు అమ్మకి విడిగా పంపాను.

మీ అమ్మాయి