గోలేటి గ్రౌండ్‌లో ఒక పంచాయితీ

సింగరేణి బెల్లంపల్లి ఏరియా జీఎం ఆఫీసు ఎక్కడుంది? బెల్లంపల్లిలో అనుకుంటే తప్పులో కాలేసినట్టే. పేరు అక్కడిది, ఆఫీసు మాత్రం గోలేటిలో. ఆసిఫాబాద్ జిల్లా, రెబ్బెన మండలం. వరసగా క్వార్టర్లు, చెట్ల నీడ, షిఫ్టు దిగి టిఫిన్ డబ్బాలతో ఇళ్లకు వచ్చే కార్మికులు.

దసరా సెలవులకు బాబాయి వాళ్లింటికి వెళ్లా. సాయంత్రం గ్రౌండ్‌కు పోతే అక్కడో పంచాయితీ. మూడేళ్లుగా వంద మీటర్లు ఉరుకుతున్న చెల్లె ఇప్పుడు బాక్సింగ్ నేర్చుకుంటానంటోంది. అందుకు వేరే ఊళ్లో హాస్టల్లో ఉండాలి.

"మూడేండ్లు ఉరికినవు బిడ్డా. అదంతా నీళ్లపాలేనా?" అన్నాడు బాబాయి.

నేను ఫోన్‌లో నిఖత్ జరీన్ ఫొటో చూపించా. మన నిజామాబాద్ అమ్మాయే. ఆమె కూడా ముందు పరుగుల్లోనే ఉండేది. తర్వాత గ్లవ్స్ తొడిగింది. 2011లో జూనియర్ ప్రపంచ చాంపియన్, 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్. రింగులో ఆ కాళ్ల చురుకు చూస్తే, పాత పరుగు ఎక్కడికీ పోలేదనిపిస్తుంది నాకు.

జపాన్ ఆటగాడు జంబో ఒజాకీ సంగతీ చెప్పా. ప్రొఫెషనల్ బేస్‌బాల్ వదిలేసి 1970లో ప్రొఫెషనల్ గోల్ఫర్ అయ్యాడు. జపాన్ టూర్‌లో 94 టైటిళ్లు కొట్టాడు!

బాబాయి నవ్వాడు. "గెలిచిన్రు గనక చెప్తున్నవ్. ఆట మార్చి ఓడినోళ్ల ముచ్చట ఎవలు చెప్తరు?"

నా దగ్గర జవాబు లేదు. చెల్లె దగ్గర ఉంది.

"బాపూ, నువ్వు బాయి నుంచి ఓసీకి మారినవ్ గదా. బాయిల నేర్చింది నీళ్లపాలైందా?"

బాబాయి పద్దెనిమిదేళ్లు భూగర్భ గనిలో పనిచేశాడు. పైకప్పును కర్రతో తట్టి, సప్పుడును బట్టి రాయి గట్టిదో గుల్లదో చెప్పేవాడు. ఆ గని మూతపడ్డాక ఓపెన్ కాస్టుకు వచ్చి, నలభై దాటాక కొత్త పని నేర్చుకున్నాడు.

కాసేపు ఎవరం మాట్లాడలేదు.

"పోలే," అన్నాడు చివరికి. "ఇప్పటికీ రాయి కదిలితే అందరికన్న ముందు నా చెవులకే తెలుస్తది."

చీకటి పడింది. లేచి ప్యాంటుకున్న దుమ్ము దులుపుకుంటూ చెల్లెతో అన్నాడు: "ఆ హాస్టల్ ఫారం ఏదో రేపు తేపో. సూద్దాం."

చెల్లె ఇంటిదాకా ఉరుకుతూనే పోయింది.