అలకపాన్పు గడియారము

మా మనుమరాలికి రేపల్లె సంబంధము కుదిరినది. కట్నమను మాట పుట్టలేదు. అయితే తాంబూలములు పుచ్చుకొన్న మరునాడు మధ్యవర్తి తెనాలిలోని మా యింటికి వచ్చి, కాఫీ త్రాగుచు, "అబ్బాయికి గడియారము మాత్రము కొంచెము పేరుగల స్విస్సుది చూడండి; చేతికి మరీ చిన్నదిగాను, మరీ పెద్దదిగాను ఉండరాదట" అని చెప్పి పోయెను. నేను సంతోషముతోనే యొప్పుకొంటిని. ఉద్యోగము చాలించుకొన్న వానికి ఒక వస్తువును శోధించి యెంచుకొను పని దొరకుటకంటె వేడుక యేమున్నది?

పదిదినములు ఆ చింతతోనే గడపితిని. గడియారపు బిళ్ల అడ్డుకొలతయే ముఖ్యమని లోకులు తలంతురు. అది సగమే నిజము. పట్టీ తగిలించు కొమ్ముల యీ చివరనుండి యా చివరకు గల పొడవు మణికట్టు వెడల్పును మించరాదు. మించెనా, అది చేతికి కట్టిన గడియారము గాక చేతిపై బోర్లించిన మూకుడగును. దళసరియు చొక్కాచేతి క్రిందికి సులువుగా జారునంత యుండవలెను. ఇప్పుడు 40 మిల్లీమీటర్లు దాటినవి విరివిగా నున్నవి గనుక 36 మొదలు 38 వరకు గలవానిని మధ్యరకము లనుచున్నారు. 1945లో రోలెక్సువారు డేట్‌జస్టను దానిని తెచ్చినప్పుడు దాని కొలత 36 మాత్రమే. ఆనాటి కది నిండు మగవాని గడియారము. అంతకు ముందు మాట యింకను వింత. 1914లో ఐరోపా యుద్ధము వచ్చువరకు చేతికి గడియారము కట్టుట ఆడువారి సొగసని యెంచి మగవారు జేబులలో దాచుకొనుచుండిరి. కందకములలో జేబు తడవుకొనుటకు తీరిక లేక సైనికులు చేతికి కట్టుకొనగా, ఆ సొగసే మగటిమి యైనది.

ఇక లోపలి యంత్రము. చౌకగా దొరకు స్ఫటికపు గడియారము సెకండునకు 32,768 మారులు కంపించుచు నెలకు కొద్ది సెకండ్లు మాత్రమే తప్పును. లక్షలు పోసి కొనెడి కమాను గడియారము స్విట్జర్లాండు పరీక్షలో నెగ్గి క్రోనోమీటరను బిరుదు పొందినదైనను, సగటున దినమునకు నాలుగు సెకండ్లు వెనుకబడవచ్చును, ఆరు ముందునకు పోవచ్చును. ఎక్కువ వెలకు తక్కువ నిజమన్నమాట! అయినను నా మనస్సు కమానువైపే మొగ్గినది. రేపల్లె సముద్రపు గాలికిని చెమటకును తోలుపట్టీ నిలువదని ఉక్కు గొలుసు నిశ్చయించితిని.

బాపట్లలో నర్సుపని చేయుచున్న మనుమరాలిని వెంటబెట్టుకొని విజయవాడ పోతిని. దుకాణములో 36 మిల్లీమీటర్ల దొకటి తీయించి చూచుచుండగా, ఆ పిల్ల దానిని తన చేతికి పెట్టుకొన్నది. సరిగా సరిపోయినది.

"తాతయ్యా, నాడి చూచుటకు సెకండ్ల ముల్లు కావలసినది నాకు గదా? అది అడిగినవారికే యీయవలెనని మీకేల తోచినది?" అని, కొంత తడవు మౌనముగా నుండి, మెల్లగా "అమ్మమ్మ వాళ్ళ అమ్మ నాను సంగతి నాకు తెలియును" అన్నది.

ఆ సంగతి నేను వ్రాయక తప్పదు. 1974లో బాపట్లలో నా పెండ్లి. మా మామగారు బడిపంతులు. ఆయన నాకు బెంగుళూరు ఎచ్.ఎం.టి. గడియారము తెచ్చి యుంచిరి. 1961లో జపాను సిటిజన్ కంపెనీ తోడ్పాటుతో వెలసిన ఆ కర్మాగారపు గడియారములు దేశమంతట కట్టుకొనుచుండిరి. నాకది చాలలేదు. అలకపాన్పుమీద గోడవైపు తిరిగి పరుండి, విదేశపు గడియారము వచ్చువరకు భోజనమునకు లేవనంటిని. అందరు నవ్విరి, నేనును లోలోపల నవ్వుకొంటిని. మూడవ నెలలో గడియారము వచ్చినది. వరకట్న నిషేధ చట్టము 1961 నుండియే కలదని చదువుకొన్నవాడను నేనెరుగనిది కాదు. అలక కట్నము కాదని మాత్రము నిశ్చయించుకొంటిని. మామగారు పోయిన తరువాత, ఇరువది యేండ్లకు గాబోలు, నా భార్య బియ్యమేరుచు చెప్పినది: "ఆ గడియారమునకు మా అమ్మ నాను అమ్మినారు. ఆమె పోవునప్పుడు మెడలో పసుపుత్రాడే యున్నది." కోపముగా నైనను చెప్పలేదు.

ఆ దినమున ఆ గడియారమును విప్పి పెట్టెలో పెట్టితిని. అయినను మధ్యవర్తి నోట మరల ఆ మాటయే విన్నప్పుడు నాకు జ్ఞాపకము రాలేదు. కొమ్ముల పొడవు కొలుచుకొనుచుంటిని.

దుకాణపువాడు బిల్లు యెవరి పేర వ్రాయవలెనని యడిగెను. మనుమరాలి పేర వ్రాయించితిని. 1985 నియమముల ప్రకారము వధువునకు వచ్చిన కానుకలకు వేరుగా నుండవలసిన జాబితాలో దానిని వెలతో సహా ఎక్కించి, వరునకు గడియారము లేదని మధ్యవర్తికి కబురు చేసితిని. వరుని మేనమామ ఫోనులో రెండుమారులు గొంతు హెచ్చించెను. వరుడు నాతో నేమియు ననలేదు. అతనికి తెలియక అడిగిరో, తెలిసియే అడిగిరో నేటికిని నాకు తేటపడలేదు. పెండ్లి జరిగినది. అలకపాన్పు వేయలేదు.

ఇంటికి వచ్చిన రాత్రి నా భార్య గంట యెంతయైనదని యడిగినది. నా చేతికి గడియారము లేదు. లేచి పోయి వంటింటి గోడమీది దానిని చూచి వచ్చి చెప్పితిని.