కోపం కాదు, కంటిజబ్బు

మామూలుగా చూస్తున్నా గుడ్లురిమినట్టు కనిపించే మనిషిని చూస్తే మీరేమనుకుంటారు? కోపిష్టి అనుకుంటారు. పదేళ్ళ క్రితం ఒక అత్తగారూ తన కోడలి గురించి అలాగే అనుకున్నారు. "ఈమధ్య నా మీద గుడ్లురుముతోంది డాక్టరుగారూ! తింటూనే ఉంది, అయినా చిక్కిపోతోంది. చేతులు వణుకుతున్నాయి" అంటూ ఆమెను మా ప్రభుత్వాసుపత్రికి తీసుకొచ్చారు.

పాపం, ఆ కోడలు ఎవరి మీదా గుడ్లురమడం లేదు. పైరెప్పలు పైకి లాక్కుపోయి, నల్లగుడ్డు పైన కూడా తెల్లగుడ్డు కనిపిస్తోంది. నాడి నిమిషానికి 120. కంఠం కాస్త ఉబ్బి ఉంది. థైరాయిడ్ గ్రంథి అవసరానికి మించి పనిచేస్తోందని రక్తపరీక్షలో తేలింది. ఐర్లండు వైద్యుడు రాబర్ట్ గ్రేవ్స్ 1835లో వర్ణించిన జబ్బు ఇదే. ఆయన పేరే దీనికి స్థిరపడింది.

మందులిచ్చాను. మూడు నెలల్లో వణుకు తగ్గింది, ఒళ్ళు వచ్చింది, రక్తపరీక్షా బాగుంది. కళ్ళు ఎర్రబడుతున్నాయనీ, ఒక్కోసారి ఒకటి రెండుగా కనిపిస్తోందనీ ఆమె చెబితే, "థైరాయిడ్ అదుపులోకి వచ్చిందమ్మా, కళ్ళూ అవే సర్దుకుంటాయి" అన్నాను. అక్కడే నేను పొరబడ్డాను.

మరుసటి నెల వచ్చినప్పుడు ఆమె అంది: "కుడికంటితో చూస్తే కుంకుమ ఇటుకపొడిలా వెలిసిపోయి కనిపిస్తోందండీ." నా గుండె ఝల్లుమంది. ఆ పూటే పెద్ద కంటి ఆసుపత్రికి పంపాను.

ఇందులో జరిగేది ఏమిటంటే, మనల్ని కాపాడవలసిన రక్షణశక్తే దారి తప్పి థైరాయిడ్ మీదికి వెళుతుంది. అదే శక్తి కంటి వెనకనున్న కండరాలనూ, కొవ్వునూ వాచేలా చేస్తుంది. కంటిగూడు ఎముకతో కట్టిన గిన్నె, సాగదు. అందుకే గుడ్డు ముందుకు పొడుచుకొస్తుంది. కండరాలు బిగుసుకుంటే ఒకటి రెండుగా కనిపిస్తుంది. వెనకనున్న నరం నలిగితే రంగులు వెలుస్తాయి. ఆలస్యమైతే చూపే పోతుంది. రక్తపరీక్ష మామూలుగా ఉన్నా కంటిజబ్బు తన దారిన తాను ముదరవచ్చు. కొందరికి థైరాయిడ్ లక్షణాలకంటే ముందే కళ్ళకు వస్తుంది.

ఆమెకు నరానికి స్టెరాయిడ్ మందు ఎక్కించారు. తరువాత కంటిగూడు ఎముక కొంత తొలగించి, నరం మీద ఒత్తిడి తగ్గించారు. చూపు దక్కింది.

మీ ఇంట్లో థైరాయిడ్ రోగి ఉంటే ఈ నాలుగు మాటలూ గుర్తుంచుకోండి. సిగరెట్టు, బీడీ, చుట్ట వెంటనే మానాలి. పొగ ఈ కంటిజబ్బును బాగా ముదరబెడుతుంది. నిద్రలో రెప్పలు పూర్తిగా మూసుకోకపోతే నల్లగుడ్డు ఎండి పుండు పడవచ్చు. డాక్టరు చెప్పిన చుక్కలూ, లేపనమూ వాడాలి. తల కాస్త ఎత్తుగా పెట్టుకుని పడుకుంటే ఉదయానికి ఉబ్బు తగ్గుతుంది. అణుధార్మిక అయోడిన్ చికిత్సకు వెళ్ళేవారు కళ్ళ సంగతి ముందే చెప్పాలి. దానివల్ల కంటిజబ్బు పెరగవచ్చు.

అప్పుడప్పుడూ ఒక్కొక్క కన్నూ మూసి, కుంకుమభరిణెనో ఎర్రగుడ్డనో చూడండి. రెండు కళ్ళకూ ఎరుపు ఒకేలా కనిపించకపోతే, చూపు మసకబారితే, ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. "రక్తపరీక్ష బాగుంది కదా" అని నాలాంటి డాక్టరు ఎవరైనా సర్దిచెప్పినా ఊరుకోకండి.